ఎవరి నుంచి వచ్చింది, మేడమ్?

2023 వానాకాలం. కొండాపూర్ మెయిన్ రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగితే కింద మందుల షాపు, పైన నా క్లినిక్. నేను స్త్రీల డాక్టర్ని. పుట్టి పెరిగింది దగ్గర్లోనే, చందానగర్లో. నా చిన్నప్పుడు ఈ వైపు బండరాళ్ళూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు నా హాల్లో కూర్చున్న వాళ్ళలో ఎక్కువమంది మెడలో ఐడీ కార్డు తీయకుండానే వస్తారు. ఒళ్ళో ల్యాప్‌టాప్, చెవిలో ఇయర్‌ఫోన్. కడుపునొప్పి గురించి చెబుతూ చెబుతూ "ఒక్క నిమిషం మేడమ్, కాల్" అంటారు. కాల్ అయినా మాట్లాడండి, కడుపునొప్పి అయినా చెప్పండి, రెండూ కలిపి నాకొద్దు అంటాను నేను. నా నోరు మంచిది కాదని ఈ ఏరియాలో అందరికీ తెలుసు. అయినా వస్తారు.

ఇక్కడి మొగుళ్ళకు ఒక అలవాటుంది. పెళ్ళాన్ని ఏం అడిగినా వాళ్ళే జవాబు చెబుతారు. పైగా "మాకు" అంటారు. "మాకు పీరియడ్స్ లేటయ్యాయి మేడమ్", "మాకు వాంతులవుతున్నాయి మేడమ్". మీకా, అని నేను అడిగితే ఆ అమ్మాయి నవ్వుతుంది, అతను సర్దుకు కూర్చుంటాడు. ఆ రోజు వచ్చిన నరేంద్ర కూడా అలాగే మొదలుపెట్టాడు. "మాకు రెండు నెలల నుంచి స్పాటింగ్ అవుతోంది మేడమ్" అన్నాడు. పీరియడ్స్ కాని రోజుల్లో కొద్దిగా రక్తం కనబడటాన్ని స్పాటింగ్ అంటాం. పక్కన కూర్చున్న హారిక తల వంచుకుని తన గోళ్ళు చూసుకుంటోంది.

పేర్లు నేను పెట్టినవే, ఊళ్ళు కూడా కొంచెం అటూ ఇటూ చేశాను. అతనిది కడప వైపు, ఆమెది నంద్యాల వైపు. పెళ్ళయి ఏడాది దాటింది. అతను ఒక కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ లీడ్. అంటే అమెరికాలో పగలైనప్పుడు ఇక్కడ మేలుకుని, అక్కడి సిస్టమ్ పడిపోతే లేపే ఉద్యోగం. ఆమె ఇంకో కంపెనీలో టెస్టర్, పగటి డ్యూటీ. ఒకరు నిద్ర లేచేసరికి ఇంకొకరు పడుకుంటారు. పిల్లలు కావాలనుకుంటున్నారు, ఇంకా కాలేదు, ఈలోగా ఇది వచ్చి పడింది.

అతను మాట్లాడుతుండగా ఆమె ఒళ్ళో ఉన్న ఫోన్ వెలిగింది. ఆమె చూసుకునే లోపే అతని కళ్ళు దాని మీదికి వెళ్ళాయి. ఆమె ఫోన్‌ని మెల్లిగా బోర్లా పెట్టింది. అదంతా ఒక్క క్షణం పని. కానీ నేను పట్టుకున్నాను. ఎందుకంటే ఆ చూపు నాకు బాగా తెలుసు, అది నాకూ ఉంది. మా ఆయన మెడికల్ కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పొద్దున్నే పువ్వుల బొమ్మలు పెడుతుంది. ఈయన వాటికి తప్పకుండా దండం బొమ్మ పెడతాడు. ఇద్దరికీ తలలు నెరిశాయి. అయినా ఆ దండం చూసినప్పుడల్లా నాకు లోపల ఉడుకుతుంది. నేనేం తక్కువ తినలేదు.

ఎంత మంచి మొగుడైనా సరే, పరీక్షకు ముందు కాసేపు బయటికి పంపడం నా పద్ధతి. భర్త ముందు చెప్పలేనివి ఆడవాళ్ళకు కొన్ని ఉంటాయి, అవి తెలియకుండా నేను వైద్యం చేస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. నరేంద్ర లేవడానికి ఇష్టపడలేదు. "నా ముందు దాచేదేముంటది మేడమ్" అన్నాడు. దాచేదాని కోసం కాదు, నా గది చిన్నది అని చెప్పి పంపాను.

తలుపు మూసుకున్నాక హారిక విషయం విడమరిచి చెప్పింది. రక్తం ఎక్కువగా భర్తతో కలిసిన తర్వాతే కనబడుతోందట. భయపడి మూడు నాలుగు వారాలుగా దూరంగా ఉంటున్నారట. నేను ఇలాంటప్పుడు అందరినీ అడిగే ప్రశ్న అడిగాను, పెళ్ళికి ముందు గాని తర్వాత గాని ఇంకెవరితోనైనా సంబంధం ఉందా అని. ఆమె తలుపు మూసే ఉందా అని ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత, ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు ఒకబ్బాయి ఉండేవాడని, పెళ్ళి చేసుకుందామనుకున్నామని, కుదరలేదని చెప్పింది. పెళ్ళయ్యాక ఎవరూ లేరంది.

"ఇది ఫైల్లో రాస్తారా మేడమ్?"

"రాసినా ఫైలు నా దగ్గరుంటది, నీ మొగుడి దగ్గర కాదు" అన్నాను.

పరీక్ష చేస్తే గర్భాశయ ముఖద్వారం ఎర్రగా వాచి ఉంది. దూదిపుల్ల తగలగానే రక్తం వచ్చింది. అలా ఉంటే కొన్ని సూక్ష్మక్రిముల కోసం వెతకాలి. స్వాబ్ తీసి నాట్ అనే పరీక్షకు పంపాను. క్రిమి చాలా తక్కువ ఉన్నా దాని జన్యుపదార్థాన్ని పట్టుకునే పరీక్ష అది. రిపోర్టులో క్లమీడియా పాజిటివ్ అని వచ్చింది.

ఈ పేరు వినగానే మన వాళ్ళు ఎయిడ్స్ విన్నంతగా బెదిరిపోతారు. నిజానికి ఇది ఒక బ్యాక్టీరియా. లైంగిక సంబంధం ద్వారా ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. తువ్వాలు వల్లో, ఆఫీసు టాయిలెట్ సీటు వల్లో, స్విమ్మింగ్ పూల్ వల్లో రాదు. సరైన యాంటీబయాటిక్ పడితే పోతుంది. దీనిలో పెద్ద చిక్కల్లా ఏమిటంటే ఇది చప్పుడు చెయ్యదు. చాలామంది ఆడవాళ్ళకు, మగవాళ్ళకు కూడా, ఏ బాధా ఉండదు. నెలలకు నెలలు, ఒక్కోసారి ఏడాది పైన కూడా ఒంట్లో ఉండిపోతుంది. కొందరికి మాత్రం తెల్లబట్ట అవుతుంది, ఇలా రక్తం కనబడుతుంది, మూత్రంలో మంట పుడుతుంది, పొత్తికడుపు నొప్పి వస్తుంది. పట్టించుకోకపోతే ఆడవాళ్ళలో పైకి పాకి గర్భనాళాలను పాడు చేయవచ్చు. అప్పుడు పిల్లలు పుట్టడం కష్టమవుతుంది, గర్భం నాళంలోనే నిలిచే ప్రమాదమూ ఉంటుంది. పిల్లల కోసం ఎదురుచూస్తున్న హారికకు ఇదే అసలు భయం.

ఆమెను ఒక్కదాన్నే పిలిచి చెప్పాను. ఆమె మొదట అడిగిన మాట ఇది పోతుందా అని కాదు.

"ఎవరి నుంచి వచ్చింది, మేడమ్?"

తెలియదన్నాను. రిపోర్టు క్రిమి ఉందని చెబుతుంది గాని, ఎప్పుడొచ్చిందో, ఎవరు తెచ్చారో చెప్పదు. పెళ్ళికి ముందు ఆమెకు వచ్చి ఉండొచ్చు, అతనికి వచ్చి ఉండొచ్చు. ఎవరికైనా ఏ బాధా లేకుండా ఉండి ఉండొచ్చు. ముందు గర్భం లేదని చూసుకుని డాక్సీసైక్లిన్ రాశాను, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఏడు రోజులు. గర్భం ఉంటే వేరే మందిస్తాం. హెచ్ఐవీ, సిఫిలిస్, గనేరియా పరీక్షలు కూడా చేయించాను, అవి లేవు. ఆపైన అసలు సంగతి చెప్పాను. ఇది ఒకరు మందు మింగితే పోయేది కాదు. ఇద్దరూ వాడాలి, ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా కలవకూడదు. లేకపోతే ఆమెకు తగ్గినదాన్ని అతను మళ్ళీ తెచ్చి ఇస్తాడు.

అతన్ని తీసుకురా, ఇద్దరినీ కూర్చోబెట్టి నేనే చెబుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నా నోటి నుంచి వింటే నయం మేడమ్, మీ నోటి నుంచి వింటే నేను దాచానంటాడు అంది. అదీ నిజమే అనిపించింది.

ఆమె ఇంటికి పోయి అతనికి చెప్పింది. అతను అరవలేదట, కొట్టలేదట. దిండు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. మర్నాడు నా దగ్గరికి రాకుండా ఇంకెక్కడో ల్యాబ్‌కి పోయి తన మూత్రం ఇచ్చి అదే పరీక్ష చేయించుకున్నాడు. ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని ఒక్కడే నా క్లినిక్‌కి వచ్చాడు. నా బల్ల మీద పరిచి, మడతలు అరచేత్తో సాపు చేశాడు. నెగెటివ్.

కూర్చోమన్నాను. ఈమధ్య ఏమైనా మందులు వాడారా అని అడిగాను. లేదన్నాడు. అడిగిన వెంటనే, ఆలోచించకుండా అన్నాడు.

"నాకు లేదు, ఆమెకుంది. ఇంక నేను తెలుసుకునేదేముంది మేడమ్" అన్నాడు. వాళ్ళ పనిలో ఆర్‌సీఏ అని ఒకటుంటుందట. సిస్టమ్ ఎందుకు పడిపోయింది, ఎవరి మార్పు వల్ల పడింది అని మూలం దాకా తవ్వి రాసే పద్ధతి. ఆరేళ్ళుగా అదే తన పని అని, మూలం దొరకకుండా ఏదీ మూసెయ్యనని చెప్పాడు. అతనికి మూలం దొరికేసింది కూడా. ఆమె టీమ్ లీడ్ వినయ్. ఇద్దరూ ఒకే క్యాబ్‌లో వస్తారు. ఇంట్లో నుంచి పని చేసే రోజు వినయ్ కాల్‌లో ఆమె నవ్వుతుంది. పగలు పక్క గదిలో నిద్రపోవాల్సిన నరేంద్ర ఆ నవ్వు వింటూ పడుకుంటాడు.

"నాతో మాట్లాడేటప్పుడు ఆ నవ్వు రాదు మేడమ్. ఒక్కసారన్నా రాదు. ఆయప్ప ఏం చెప్తాడో గాని, గోడవతల నుంచి నాకు ఇనపడతా ఉంటది. ఒళ్ళు కాలిపోతాది." తల వంచుకున్నాడు. "నిప్పు లేనిదే పొగ రాదు కదా."

ఆ ఒక్క నిమిషం నాకతని మీద జాలేసింది. అతను అబద్ధం చెప్పడం లేదు, నిజంగా కాలిపోతున్నాడు. పగలూ రాత్రీ తలకిందులైన మనిషి, పెళ్ళాం నవ్వు గోడ వెనక నుంచి వినాల్సిన మనిషి, ఏమైనా ఊహించుకుంటాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. కానీ జాలి వేరు, మందు వేరు.

పొగ చూసి ఎవరంటించారో చెప్పలేమన్నాను. మీ రిపోర్టు నెగెటివ్ వచ్చినా సరే, భార్యకు ఉన్నప్పుడు మీరూ మందు వాడాల్సిందే, అది పద్ధతి అన్నాను. మీ సర్వర్ పడిపోతే ముందు ఎవడు పడేశాడని వెతుకుతారా, ముందు లేపుతారా అని కూడా అడిగాను.

"ముందు లేపుతాం. లేపినాక ఎవడో ఒకడి మెడకు చుట్టుకోవాల్సిందే మేడమ్" అన్నాడు. "నాకు లేని రోగానికి నేను మింగితే ఏమైతాది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే కదా."

తర్వాత గొంతు తగ్గించి, లోపల పరీక్ష చేసేటప్పుడు ఆమె మీతో ఏమైనా చెప్పిందా, పెళ్ళికి ముందు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నా నోట్లోంచి చందానగర్ బయటికొస్తుంది.

"ఏందయ్యా గిది? రేపు మీ ఆమె వచ్చి, మా ఆయన మీతోని ఏం చెప్పిండని అడిగితే చెప్పాల్నా మరి? పేషెంట్ చెప్పింది నాతోనే ఉంటది. నీదైనా, ఆమెదైనా."

అతను రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేస్తూ, ఆదివారం మామను రమ్మన్నానని చెప్పాడు. హారిక తండ్రి నంద్యాల నుంచి వస్తాడు, రెండు రిపోర్టులూ ఆయన ముందు పెడతాడు, కూతుర్ని తీసుకుపొమ్మంటాడు. అంతే, ఆర్‌సీఏ అయిపోయింది.

ఆ సాయంత్రమే హారిక ఫోన్ చేసింది. తన మందు తను వాడుతోందట. అతను ఒక్కటీ ముట్టలేదట. "మా నాయనకు ఆ కాగితం చదవడం రాదు మేడమ్. అల్లుడు ఏం చదివి చెప్తే అదే నమ్ముతాడు. ఒకసారి ఊళ్ళో ఆ మాట పడినాక నేను ఎన్ని రిపోర్టులు చూపిస్తే పోతుంది?" అంది. నేను ఒకటే చెప్పాను. శనివారం ఎట్లాగైనా అతన్ని వెంటబెట్టుకుని రా, రాకపోతే నేనే మీ ఇంటికొస్తా అని.

అతను వచ్చాడు. నేను పిలిచినందుకు కాదు, నాతో ఒక ఉత్తరం రాయించుకోవడానికి. భర్తను పరీక్షించగా వ్యాధి లేదు అని నా లెటర్‌హెడ్ మీద ఒక్క ముక్క రాసిస్తే మామ ముందు బరువుగా ఉంటుందట. రాయనన్నాను. నేను పరీక్ష చెయ్యలేదు, నేనెందుకు రాస్తాను? అతను వాదనకు దిగాడు. హారిక గోడవైపు కుర్చీలో కూర్చుని ఇద్దరినీ చూస్తోంది. బయట వాన, లోపల ఏసీ. మాట్లాడుతూ మాట్లాడుతూ అతనికి దగ్గు తెర వచ్చింది. నీళ్ళ గ్లాసు ఇచ్చాను. తాగి, గొంతు పట్టుకున్నాడు.

"మళ్ళీ పట్టింది మేడమ్. పోయేటప్పుడు కింద అజిత్రో తీసుకోవాలి."

నేను కలం కింద పెట్టాను. "మళ్ళీ అంటే?"

"పోయిన నెల కూడా ఇట్లాగే గొంతు నొప్పి. ఆఫీసులో అందరికీ వచ్చింది. మూడు రోజుల కోర్సు వేసుకున్నా, తగ్గిపోయింది."

"నేను మొన్న అడిగితే మందులేం వాడలేదన్నరు."

"అది మందేంది మేడమ్, గొంతుకు వేసుకునేదే కదా" అన్నాడు.

ఈ ఊరి సంగతి తెలియని వాళ్ళకు చెప్పాలి. అజిత్రోమైసిన్ అనేది యాంటీబయాటిక్. మూడు మాత్రల స్ట్రిప్‌గా దొరుకుతుంది. డాక్టర్ చీటీ లేకుండా కొనకూడదు. కానీ మన దగ్గర జలుబు చేస్తే అజిత్రో, గొంతు గీరితే అజిత్రో, వానలో తడిస్తే అజిత్రో. ఆఫీసు సొరుగులో ఛార్జర్ పక్కన స్ట్రిప్ ఉంటుంది, పక్క సీటు వాడికి అప్పు కూడా ఇస్తారు. జలుబులు చాలావరకు వైరస్ వల్ల వస్తాయి, ఈ మందు వాటిని ఏమీ చెయ్యదు. అవి వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం అజిత్రోకు వస్తుంది. క్లమీడియాను మాత్రం ఈ మందు చంపుతుంది. గర్భిణులకు దీనికోసం మేం రాసేది ఇదే మందు.

అదంతా అతనికి చెప్పాను. పరీక్ష చేయించుకోవడానికి నెల ముందు ఆ మందు మూడు రోజులు మింగారు. ఆ తర్వాత ఇద్దరూ కలవనే లేదు. కాబట్టి మీ ఒంట్లో క్రిమి అసలెప్పుడూ లేకపోవచ్చు. ఉండి, ఆ మాత్రలకు పోయి కూడా ఉండొచ్చు. ఈ రెంటిలో ఏదో మీ నెగెటివ్ రిపోర్టు చెప్పలేదు అన్నాను. అతను జేబులోంచి ఆ రిపోర్టు తీసి చూశాడు.

హారిక నవ్వింది. అతను గోడవతల నుంచి విన్న నవ్వు అది కాదని నాకు తెలుసు.

"ఆ మాత్రలు తెచ్చిచ్చింది నేనే మేడమ్" అంది. "ఆఫీసు నుంచి వస్తా వస్తా క్యాబ్ ఆపించి తెచ్చినా. ఆయనకు మింగుడు పడటం లేదని మిరియాల పాలు కూడా కాచిచ్చినా."

క్యాబ్ ఆపిన రోజు వినయ్ కూడా అందులోనే ఉండి ఉంటాడు. ఆ సంగతి అతనికీ తట్టినట్టుంది, ఒక్కసారి తలెత్తి మళ్ళీ దించుకున్నాడు. కింద షాపులో షట్టర్ సగం దించుతున్న చప్పుడు వినబడింది. తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు.

"పెళ్ళికి ముందు సంగతి కూడా లెక్కలోకొస్తాదా మేడమ్?"

"వస్తది."

"పూణేలో ఉన్నప్పుడు... ప్రాజెక్టు మీద పోయినా. నాకు ఏ బాధా లేదు అప్పుడు. మంట గాని, ఏం గాని. లేదు కాబట్టి..." అని ఆపేశాడు.

గది ఉన్నట్టుండి మారిపోయింది. ఇన్ని రోజులూ ఒక చోట కాలుతున్న మంట ఇప్పుడు గోడవైపు కుర్చీలో అంటుకుంది. హారిక ముఖం ఎర్రబడింది. భర్త మీద ఈమెకు ఎప్పుడూ అనుమానం వచ్చి ఉండదు. రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని పగలంతా పడుకునే మనిషిని ఎవరు అనుమానిస్తారు?

"పేరేంది?" అంది.

"ఇప్పుడవన్నీ ఎందుకు హారికా?"

"పేరేంది నరేన్? నేను కాల్‌లో నవ్విన నవ్వు దగ్గర్నుంచి, క్యాబ్‌లో ఏ సీట్లో కూర్చున్నానన్న దాకా అడిగినావు. ఇన్నాళ్ళూ మా అమ్మ మీద ఒట్లేయించినావు. ఒక్క పేరు నేను అడగకూడదా?"

అతను చెప్పలేదు. నేను ఆమె కళ్ళలోకి చూశాను, ఆమె నా కళ్ళలోకి చూసింది. ఇంజనీరింగ్ అబ్బాయి సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆమె ఆ రోజు ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తకూడదు. ఎత్తాలని నాకు అనిపించలేదు కూడా. అతనికి పూణే సంగతి నోటి నుంచి రావడానికి ఒక దగ్గు చాలింది. ఆమె సంగతి బయటికొస్తే ఇల్లు నిలుస్తుందో లేదో నాకు తెలియదు. తూకం ఎప్పుడూ అలాగే ఉంటుంది, అందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

అయినా వాళ్ళిద్దరికీ ఒకటే చెప్పాను. అతని పూణే సంగతి బయటపడినంత మాత్రాన ఈ క్రిమి అక్కడి నుంచే వచ్చిందని నేను సంతకం పెట్టను. నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. తెలిసింది ఒకటే, ఆమెకు తగ్గాలంటే అతను మింగాలి. డాక్సీసైక్లిన్ రాసి, కింద నుంచి తెప్పించి, మొదటి మాత్ర నా ముందే వేసుకోమన్నాను. గ్లాసు నిండా నీళ్ళతో మింగాలి, మింగాక వెంటనే పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండవుతుంది. పొద్దున డ్యూటీ నుంచి వచ్చి మంచమెక్కే మనిషి కదా, ఆ మాట రెండుసార్లు చెప్పాను. గొంతుకు ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. అతను మాత్ర మింగాడు. భుజాలేవీ తడుముకోలేదు.

"మా నాయనకు ఫోన్ చెయ్యి. రావద్దని నువ్వే చెప్పు" అంది హారిక.

అక్కడే చేశాడు. "మామా, వానలు ఎక్కువున్నాయి ఈడ. ఇంకో వారం చూసి వద్దురులే. ఏం లేదు, ఊరికే. బాగుంది, పక్కనే ఉంది" అన్నాడు. ఫోన్ ఆమెకిచ్చాడు. ఆమె తండ్రితో కరెంటు గురించి, టమాటా ధర గురించి మాట్లాడింది. ఉన్నట్టుండి, వానకు లైన్ సరిగా లేదు నాయనా అని పెట్టేసింది.

వెళ్ళేముందు మూడు నెలలకు మళ్ళీ పరీక్షకు రమ్మన్నాను. మందు అయిపోగానే చేస్తే చచ్చిన క్రిమి ముక్కలు కూడా పాజిటివ్ చూపించొచ్చు, అందుకని తొందరపడకూడదు. మూడు నెలలకు ఎందుకంటే, ఈ జబ్బు మళ్ళీ అంటుకోవడం మామూలే. అప్పటిదాకా ఇద్దరూ ఒక కప్పు కింద ఉంటారో ఉండరో నాకు నమ్మకం లేదు.

చలికాలం మొదలయ్యాక వచ్చారు. అతను బండి పెట్టి వస్తానని కింద ఆగిపోయాడు. హారిక ముందు వచ్చింది, కొంచెం ఒళ్ళు చేసింది. స్పాటింగ్ పోయిందంది. నేను ఏమీ అడక్కుండానే కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఆయన అడిగినాడు మేడమ్. మీరు రాసిన మాత్రలు అయిపోయినాక ఒక రోజు అడిగినాడు. పెళ్ళికి ముందు నీకెవరైనా ఉన్నారా అని."

"ఏం చెప్పినవ్?"

"నీకున్నట్టే అన్నా."

నేను ఆమె ముఖంలోకి చూశాను. భయం లేదు. ఇంత ధైర్యం నాకుండేదా అనుకున్నాను, ఆ పిల్ల మీద కూడా కాస్త అసూయ పుట్టింది.

అతను రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో రోజు డ్యూటీ నుంచి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, పెరుగన్నం కలిపి పెట్టమన్నాడట. అంతకంటే ఏమీ అనలేదు. హాల్లో దిండు ఆ రోజే లోపలికి వచ్చింది. ఆ మధ్యలోనే షిఫ్ట్ మార్చమని మేనేజర్‌ను అడిగాడట, ఇప్పుడు ఇద్దరిదీ పగటి డ్యూటీయే. "పోయిందనుకోకండి మేడమ్. రోజూ ఆ అబ్బాయి పేరు అడుగుతాడు. నేను పూణే ఆమె పేరు అడుగుతా. ఆయనా చెప్పడు, నేనూ చెప్పను" అంది.

ఇద్దరి రిపోర్టులూ నెగెటివ్ వచ్చాయి. అవి తీసుకోవడానికి కూడా కలిసే వచ్చారు. అంటే ఇద్దరం క్లీనే కదా మేడమ్ అని నరేంద్ర అడిగాడు. "ఇద్దరం" అన్నాడు, నేను గమనించాను.

ఈ కేసు తర్వాత నా ప్రశ్న ఒకటి మారింది. మందులేమైనా వాడారా అని అడగడం మానేశాను. గొంతుకు ఏం వేసుకున్నారు, జలుబుకు ఏం వేసుకున్నారు, పక్క సీటు వాళ్ళు ఏమిచ్చారు అని పేరుపేరునా అడుగుతాను. ఎవరి నుంచి వచ్చిందని అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు, ఆడా మగా ఇద్దరూ. అది చెప్పే పరీక్ష నా దగ్గర లేదంటాను. ఎవరి దగ్గరా లేదంటాను. దేనికి మందుందో దానికి రాసిస్తాను, ఇద్దరికీ కలిపి.

రిపోర్టులు తీసుకున్న రోజు వాళ్ళు మెట్లు దిగుతుంటే నేను తలుపు దగ్గరే ఉన్నాను. నరేంద్రకు దగ్గొచ్చింది. అలవాటు కొద్దీ మందుల షాపు వైపు చూశాడు. హారిక అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంటికి పద, మిరియాల పాలు కాచిస్తా. ఈ రోజు నువ్వు పేరు అడగనంటేనే" అంది.

అతను మెట్టు మీద ఆగి కాసేపు ఆలోచించాడు.